ఇంట్లో ట్రెడ్‌మిల్: నడిచే మనిషిని బట్టి ఎంపిక, వాడకం, సంరక్షణ

ఇంటికి ట్రెడ్‌మిల్ కొనదలచినవారు ధర, కంపెనీ పేరు, తెర మీద కనిపించే ప్రోగ్రాముల సంఖ్య చూడడానికి ముందు ఒక ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకోవడం మంచిది. ఈ యంత్రం మీద రోజూ నడిచేది ఎవరు, వారి బరువెంత, ఎంత వేగంతో ఎంతసేపు నడుస్తారు? మన ఇళ్లలో ఈ ప్రశ్నకు వచ్చే జవాబు చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. షుగరో, బి.పి.యో వచ్చిన తరువాత డాక్టరు రోజూ నడవమని చెప్పిన యాభై, అరవై ఏళ్ల తల్లిదండ్రులు గంటకు 3 నుంచి 5 కిలోమీటర్ల వేగంతో అరగంటో ముప్పావుగంటో నడుస్తారు; ఉద్యోగాలు చేసుకునే పిల్లలు వీలున్న రోజుల్లో కాస్త వేగంగా నడిచి, ఎప్పుడైనా కొంత దూరం పరుగెత్తుతారు. అయినా ప్రకటనలన్నీ పరుగు గురించే మాట్లాడతాయి. గరిష్ఠ వేగం 14 కిలోమీటర్లని, 16 కిలోమీటర్లని పెద్ద అక్షరాలతో రాసినది చూసి, వేగం ఎక్కువున్నదే గట్టి యంత్రమని కొనేవారు అనుకుంటారు.

నిజానికి చిన్న మోటారును అలసగొట్టేది వేగం కన్నా నెమ్మదితనమే. బరువైన మనిషి నెమ్మదిగా నడిచేటప్పుడు ప్రతి పాదమూ బెల్టు మీద ఎక్కువసేపు ఆని ఉంటుంది; బెల్టుకూ దాని కింది పలకకూ మధ్య రాపిడి పెరుగుతుంది; ఆ రాపిడిని దాటి బెల్టును లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. అదే సమయంలో మోటారు తిరిగే వేగం తక్కువ కాబట్టి, దాని ఇరుసుకు బిగించిన చిన్న ఫ్యాను కూడా నెమ్మదిగానే తిరుగుతూ లోపలి వేడిని సరిగా బయటికి పంపలేకపోతుంది. అందువల్ల 90 కిలోల పెద్దాయన గంటకు 3 కిలోమీటర్ల వేగంతో ముప్పావుగంట నడవడం, సన్నని కుర్రవాడు పావుగంట పరుగెత్తడం కన్నా మోటారుకు కఠినమైన పని కావచ్చు. "మేము నడవడానికే కదా, చిన్నది చాలు" అనే లెక్కతో కొన్న చౌక యంత్రాలు త్వరగా వేడెక్కి, వాసన వచ్చి, ఏడాది దాటగానే మోటారును నడిపే కంట్రోలర్ బోర్డు కాలిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

మోటారు శక్తిని అర్థం చేసుకోవడం

మోటారు శక్తిని హార్స్ పవర్‌లో చెబుతారు. ఇందులో రెండు అంకెలుంటాయి. పీక్ అనేది మోటారు కొద్ది క్షణాల పాటు మాత్రమే ఇవ్వగల శక్తి; కంటిన్యూయస్ అనేది ఆగకుండా ఇవ్వగల శక్తి. పెట్టె మీద పెద్దగా కనిపించేది మొదటిది, మనకు కావలసినది రెండవది. ఈ తేడాను గుణించి చూసుకోవడం కష్టం కాదు. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. మన ఇళ్లలో గీజరుకు, ఏసీకి పెట్టే పెద్ద ప్లగ్ పాయింటు 16 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర దాని నుంచి తీసుకోగలిగినది 3,680 వాట్లు. 6 హెచ్.పి. పీక్ అని రాసిన యంత్రం నిజంగా ఆ శక్తితో నిరంతరం పని చేయాలంటే 4,476 వాట్లు కావాలి. అంటే గోడలోని పాయింటు ఇవ్వలేని శక్తిని ఆ అంకె చెబుతోందన్నమాట. కాబట్టి దుకాణదారుడిని కంటిన్యూయస్ హెచ్.పి. ఎంతో అడగండి, ఆ అంకె మాన్యువల్‌లో గానీ మోటారు మీది చీటీలో గానీ ఉందో లేదో చూడండి. ఎక్కడా లేకపోతే ఆ యంత్రాన్ని పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం. నడకకు మాత్రమే అయితే 1.5 నుంచి 2, జాగింగ్ కూడా ఉంటే 2 నుంచి 2.5, క్రమం తప్పకుండా పరుగెత్తేవారుంటే 3 దాకా కంటిన్యూయస్ హెచ్.పి. చూసుకోవాలి. బరువు 85 కిలోలు దాటినవారు నడకకైనా ఒక మెట్టు పైది తీసుకోవడం మంచిది.

గరిష్ఠ బరువు అని రాసిన అంకెను కూడా అదే కన్నుతో చూడాలి. 100 కిలోల యంత్రం మీద 98 కిలోల మనిషి నిలబడగలడన్నది నిజమే కానీ, రోజూ నడిస్తే యంత్రం ఎంతకాలం ఉంటుందన్నది వేరే మాట. ఇంట్లో అందరికన్నా బరువైనవారి బరువుకు 20 నుంచి 25 కిలోలు కలిపి, ఆ పైన సామర్థ్యం ఉన్నది ఎంచుకోవాలి.

దుకాణానికి ఆ బరువైన మనిషినే వెంట తీసుకువెళ్లండి. అమ్మేవారు యంత్రాన్ని 8, 10 కిలోమీటర్ల వేగంతో ఖాళీగా తిప్పి, శబ్దం లేదు చూడండి అంటారు; ఖాళీ యంత్రం ఏదైనా నిశ్శబ్దంగానే తిరుగుతుంది. మీరు వేగాన్ని 2 కిలోమీటర్లకు తగ్గించి, ఆయన్ను ఎక్కించి, మామూలుగా నడవమనండి. పాదం మోపిన ప్రతిసారీ బెల్టు ఒక్క క్షణం ఆగినట్టయి మళ్లీ కదులుతుంటే, ఆ కుదుపు మోకాలికి తెలుస్తుంది, చూసేవారి కంటికీ కనిపిస్తుంది. అది బలం చాలని మోటారుకో, వదులుగా ఉన్న బెల్టుకో గుర్తు. కుదుపు లేకుంటే పది, పదిహేను నిమిషాలు నడిపించి, ఆ తరువాత మోటారు మూత మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉండడం సహజం. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, కాలిన వాసన వస్తుంటే ఆ యంత్రం వద్దు. ఆన్‌లైన్‌లో కొనేవారికి ఈ పరీక్ష దొరకదు గనుక, ధర కాస్త ఎక్కువైనా ముందు ఎక్కడైనా అదే మోడల్ ఎక్కి చూసే ప్రయత్నం చేయాలి.

బెల్టు, ఎత్తు, ఇతర రకాలు

నడకకు బెల్టు పొడవు 110 నుంచి 120 సెంటీమీటర్లు, వెడల్పు 40 నుంచి 45 ఉంటే సరిపోతుంది. పరుగుకు పొడవు 130 నుంచి 140, వెడల్పు 45 నుంచి 50 అవసరం. ఆరడుగుల మనిషి పరుగెత్తాలంటే 140కి తగ్గకూడదు. పెద్దవారికి మాత్రం పొడవు కన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే తూలినప్పుడు పాదం పక్క పట్టీ మీద పడితే బోర్లా పడే ప్రమాదం ఉంది. అదే కారణంతో వారికి రెండు పక్కలా పొడవైన చేతిపట్టీలు ఉన్న యంత్రమే కావాలి. మంచం కిందికి తోసేయగల వాకింగ్ ప్యాడ్లకు ఈ పట్టీలు ఉండవు, ఉన్నా ముందు భాగంలో నామమాత్రంగా ఉంటాయి. కంప్యూటర్ ముందు నిలబడి పని చేసుకుంటూ నెమ్మదిగా నడిచే యువకులకు అవి పనికొస్తాయి గానీ, అరవై దాటినవారికి, కళ్లు తిరిగే అలవాటు ఉన్నవారికి, షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి కొనిపెట్టకండి. మోటారు లేకుండా కాళ్లతో తోసుకుంటూ తిప్పే చౌక రకాన్ని ఎవరికీ సలహా ఇవ్వలేను. బెల్టు కదలాలంటే పట్టీని పట్టుకుని ముందుకు వంగి తొయ్యాలి, దానితో మోకాళ్లకూ నడుముకూ అనవసరమైన భారం.

ఎత్తు పెంచే సదుపాయం, అంటే ఇంక్లైన్, రెండు రకాలుగా ఉంటుంది. కింద పిన్ను మార్చి మూడు మెట్లుగా పెట్టుకునేది చౌక. నడుస్తుండగానే బటన్‌తో పెంచుకోగలిగేది ఖరీదు. మోకాళ్లు బాగుండి, పరుగు ఇష్టం లేనివారికి బటన్ ఇంక్లైన్ నిజంగా ఉపయోగం, ఎందుకంటే వేగం పెంచకుండానే శ్రమ పెంచుకోవచ్చు. ఆసుపత్రిలో టి.ఎం.టి., అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెను చూసే పరీక్ష, చేయించుకున్నవారికి ఆ ఎత్తు ఏం చేస్తుందో అనుభవమే. అమెరికాలోని సియాటెల్‌లో హృద్రోగ నిపుణుడు రాబర్ట్ బ్రూస్ రూపొందించిన ఆ పద్ధతిలో మొదటి దశే గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం ఎత్తుతో మొదలై, ప్రతి మూడు నిమిషాలకూ రెండూ పెరుగుతాయి. అది డాక్టరు ఎదురుగా, ఇ.సి.జి. తీగలు పెట్టి గుండెను కావాలని శ్రమపెట్టే పరీక్ష. ఇంట్లో ఒంటరిగా నడిచేవారు దాన్ని అనుకరించకూడదు.

గది, ప్లగ్, నేల

కొనడానికి ముందే గదిలో టేపు పట్టి కొలవాలి. యంత్రం కొలతలు కాక, వెనుక కనీసం ఆరడుగులు, రెండు పక్కలా ఒకటిన్నర అడుగు ఖాళీ ఉండాలి. వెనుక గోడకు ఆనించి పెడితే, జారినవారు గోడకూ తిరుగుతున్న బెల్టుకూ మధ్య ఇరుక్కుంటారు. మన పడకగదుల్లో చాలామంది మరచిపోయేది సజ్జ. సజ్జ సుమారు ఏడడుగుల ఎత్తులో ఉంటుంది. యంత్రం మీద నిలబడితే అరడుగు పైగా ఎత్తు పెరుగుతుంది, ఇంక్లైన్ పెడితే ఇంకాస్త పెరుగుతుంది, నడకలో తల కొద్దిగా పైకి లేస్తుంది. సీలింగ్ ఫ్యాను కింద పెట్టేవారూ ఈ లెక్క చూసుకోవాలి. నడిచేవారికి గాలి కావాలి గనుక, గోడ ఫ్యానో టేబుల్ ఫ్యానో ముందునుంచి వీచేలా పెట్టడం అన్నిటికన్నా మంచి ఏర్పాటు.

బాల్కనీలో పెట్టవద్దు. వాన జల్లు, దుమ్ము, ఎండ మూడూ కలిసి బోర్డును పాడుచేస్తాయి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలికి బోల్టులు, రోలర్ల చివరలు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి అక్కడివారు కిటికీకి దూరంగా, లోపలి గదిలోనే ఉంచాలి.

ప్లగ్ విషయంలో రాజీ పనికిరాదు. ట్రెడ్‌మిల్‌కు ఎర్తింగ్ సరిగా ఉన్న 16 ఆంపియర్ల పాయింటు, వీలైతే దానికే విడిగా లాగిన వైరు కావాలి. టి.వి. పక్కనుండే చిన్న పాయింటుకు కన్వర్టర్ పెట్టి వాడితే ప్లగ్ కరిగిపోవడం, సాకెట్ నల్లబడడం జరుగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వాడకూడదు. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించండి. చెమట పట్టిన చేతులతో ఇనుప పట్టీ పట్టుకునే యంత్రం ఇది. ఇంటి ఇన్వర్టరు మీద దీన్ని నడపకూడదు. వోల్టేజి తరచు పడిపోయే ఊళ్లలో, యంత్రం శక్తికి తగిన స్టెబిలైజర్ పెట్టుకోవడం బోర్డు ఖర్చుతో పోలిస్తే చిన్న ఖర్చే. కరెంటు బిల్లు గురించి అంతగా బెంగపడనక్కరలేదు. మామూలు వేగంతో గంట నడిస్తే సాధారణంగా ఒక యూనిట్‌కు లోపే ఖర్చవుతుంది.

అపార్టుమెంటులో కింద ఇంకొక కుటుంబం ఉంటుంది. టైల్స్ మీద నేరుగా పెడితే ప్రతి అడుగూ వారి పైకప్పులో వినిపిస్తుంది. 6 నుంచి 10 మిల్లీమీటర్ల మందం గల రబ్బరు మ్యాట్ కింద పరిస్తే మోత తగ్గుతుంది, యంత్రం కూడా జరగదు. పరుగు అదురు మాత్రం మ్యాట్‌తో పూర్తిగా పోదు, కాబట్టి తెల్లవారుజామున, రాత్రి పది దాటాక నడకతో సరిపెట్టుకోవడం మర్యాద.

వారంటీ, సర్వీసు, పాత యంత్రాలు

మోటారుకు పదేళ్లు, జీవితకాలం అని చెప్పే వారంటీలను చూసి తొందరపడకండి. మోటారు కన్నా తరచుగా పోయేది దాన్ని నడిపే కంట్రోలర్ బోర్డు; తరువాత బెల్టు. ఆ రెండింటికీ ఎన్నాళ్లు, మెకానిక్ వచ్చి వెళ్లే ఖర్చు ఎవరిది, విడిభాగం ఎన్ని రోజుల్లో వస్తుంది అనే మూడు ప్రశ్నలు అడిగి జవాబును బిల్లు మీదో ఇ-మెయిల్‌లోనో రాయించుకోండి. హైదరాబాదు, విజయవాడల్లో ఉన్నవారికి మెకానిక్ దొరకడం కష్టం కాదు. ఆదిలాబాదులోనో శ్రీకాకుళంలోనో ఉన్నవారు మాత్రం తమ పిన్‌కోడ్ చెప్పి, సర్వీసు ఉందో లేదో కస్టమర్ కేర్‌తో మాట్లాడాకే డబ్బు కట్టాలి. 60, 70 కిలోల యంత్రాన్ని పార్సిల్ కట్టి వెనక్కి పంపడం ఎవరి వల్లా అయ్యే పని కాదు.

పాతది కొనేవారికి మంచి అవకాశాలే ఉన్నాయి, ఎందుకంటే కొద్ది నెలలు వాడి అమ్మేసేవారు చాలామంది. చూడవలసినవి కొన్నే. బెల్టును పక్కనుంచి ఎత్తి కింది పలకను తాకి చూడండి. పలక మధ్యలో గుంటలు, పూత లేచిన మచ్చలు ఉంటే బెల్టూ పలకా రెండూ మార్చాలి. తరువాత దుకాణంలో చెప్పిన నెమ్మది నడక పరీక్షనే ఇక్కడా చేయండి. ఆ కంపెనీ ఇప్పుడు సర్వీసు ఇవ్వడం లేదంటే ఎంత చౌకైనా వదిలేయండి.

నడవడం ఎలా

గుండె జబ్బు, అదుపులో లేని బి.పి., ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉన్నవారు ముందు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ గానీ, షుగరును బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, చేతికి అందేలా గ్లూకోజో చక్కెరో ఉంచుకోవాలి.

ఎక్కేటప్పుడు నేరుగా బెల్టు మీద నిలబడి స్టార్ట్ నొక్కకూడదు. రెండు పాదాలూ పక్క పట్టీల మీద పెట్టి, సేఫ్టీ కీ క్లిప్పును చొక్కాకు గట్టిగా తగిలించి, స్టార్ట్ నొక్కి, బెల్టు గంటకు 1 కిలోమీటరు వేగంతో కదలడం కంటితో చూశాక ఒక్కో పాదం దించాలి. ఆ క్లిప్పు తీగ ఎంత ముఖ్యమో మొదటి రోజే ఇంట్లో అందరికీ చూపించండి: దాన్ని లాగితే యంత్రం ఆగిపోతుంది. చాలా ఇళ్లలో అది కన్సోల్‌కే అతికి ఉంటుంది గానీ మనిషికి తగిలించి ఉండదు, అలా ఉంటే పడినప్పుడు దానివల్ల ఏ ప్రయోజనమూ లేదు.

మొదటి ఐదు నిమిషాలు 2 నుంచి 3 కిలోమీటర్ల వేగం, ఆ తరువాత మాట్లాడగలిగేటంత, పాట పాడలేనంత వేగం, చివరి ఐదు నిమిషాలు మళ్లీ నెమ్మది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి గుండె వేగం అంకె శ్రమను సరిగా చెప్పదు గనుక, వారికి ఈ మాట పరీక్షే నమ్మకమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం వయోజనులకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే కనీస లెక్క పూర్తవుతుంది. కొత్తవారు పది నిమిషాలతో మొదలుపెట్టి వారం వారం ఐదేసి నిమిషాలు పెంచుకుంటే పిక్కలు పట్టవు. తెర మీది క్యాలరీల అంకెను లెక్కలోకి తీసుకోకండి, అది అంచనా మాత్రమే.

చూపు ఎదురుగా ఉండాలి. పాదాల వంక చూస్తే మెడ వంగి అడుగు తడబడుతుంది. బెల్టు మధ్యలో, ముందు భాగానికి దగ్గరగా నడవాలి. తూలే భయం ఉన్న పెద్దవారు పట్టీని వేళ్లతో తేలికగా తాకుతూ నడవవచ్చు, కానీ బరువంతా చేతుల మీద వేసి వేలాడితే నడక ఫలితం పోవడమే కాక భుజాలు నొప్పి పెడతాయి. అలా పట్టుకుంటే తప్ప నడవలేకపోతున్నారంటే వేగం ఎక్కువైందని అర్థం. నడుస్తుండగా కరెంటు పోతే బెల్టు హఠాత్తుగా ఆగుతుంది, అప్పుడు పట్టుకోవడానికే ఆ పట్టీలు. దిగేటప్పుడు యంత్రం పూర్తిగా ఆగాక, కొద్ది క్షణాలు నిలబడి, నేల కదులుతున్నట్టనిపించే భ్రమ తగ్గిన తరువాత దిగాలి.

చీర కుచ్చిళ్లు, చున్నీ, లుంగీ, నేలకు తగిలే పైజామా ఏవీ పనికిరావు. అమ్మకు చీర తప్ప అలవాటు లేకపోతే, నడక సమయానికి సల్వారో ట్రాక్ ప్యాంటో వేసుకోమని ఒప్పించడం యంత్రం కొనిపెట్టడమంత ముఖ్యమైన పని. హవాయి చెప్పులతో, వట్టి కాళ్లతో నడవకూడదు. షుగరు ఉన్నవారి పాదానికి బెల్టు రాపిడితో లేచిన బొబ్బ నెలల తరబడి మానని పుండు కావచ్చు.

పిల్లలున్న ఇంట్లో అయితే, వాడకం అయిపోగానే స్విచ్ ఆపి, సేఫ్టీ కీ తీసి బీరువాలో పెట్టాలి. 2021 మేలో అమెరికాలో పెలోటన్ సంస్థ తన ట్రెడ్ ప్లస్ యంత్రాలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. యంత్రం వెనుక అంచు కిందికి చిక్కుకొని ఒక చిన్నారి ప్రాణం పోయిన తరువాత జరిగిన నిర్ణయమది. ఖరీదైన యంత్రమైనంత మాత్రాన ఆ ప్రమాదం తప్పదు. మీరు నడుస్తున్నంతసేపూ గది తలుపు గడియ వేసుకోండి, ఎందుకంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే వెనుకకు పాకుతూ వచ్చిన పసివాడు మీకు వినిపించడు.

నూనె, బెల్టు సర్దుబాటు

యంత్రం ఆయుష్షు ఎక్కువగా ఆధారపడేది బెల్టు కింది నూనె మీదే. మాన్యువల్‌లో వేరే చెప్పకపోతే, రోజూ వాడే ఇంట్లో రెండు మూడు నెలలకోసారి చూడాలి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, బెల్టు కిందికి చెయ్యి పోనిచ్చి పలక మధ్యభాగాన్ని తడమండి. వేళ్లకు జిడ్డు తగిలితే ఇంకా అవసరం లేదు. పొడిగా ఉంటే, బెల్టును ఒక పక్కనుంచి ఎత్తి, పాదాలు పడే చోట పొడవునా సిలికాన్ ఆయిల్‌ను వంకర గీతగా వేసి, రెండో పక్కా అలాగే చేసి, తరువాత నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా నడిస్తే పరుచుకుంటుంది. పక్కకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు చాలు. ఎక్కువైతే బెల్టు జారుతుంది, దుమ్ము ముద్దకడుతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు వాడితే బెల్టు అడుగు భాగం చెడుతుంది. పలకకు ముందే మైనం పూసి వచ్చే యంత్రాలకు నూనే వెయ్యకూడదు కాబట్టి మాన్యువల్ ఒకసారి చదవాలి.

బెల్టు ఒక పక్కకు జరిగిపోతుంటే యంత్రంతో పాటు ఇచ్చిన అలెన్ కీ చాలు. ఖాళీ యంత్రాన్ని 3, 4 కిలోమీటర్ల వేగంతో తిప్పుతూ వెనుక నిలబడి చూడండి. కుడివైపుకు జరుగుతుంటే వెనుక రోలరు కుడి చివరనున్న బోల్టును గడియారపు ముల్లు తిరిగే దిశలో పావు చుట్టు తిప్పి, ఒక నిమిషం ఆగి గమనించాలి. ఎడమవైపుకైతే ఎడమ బోల్టు. ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పితే రోలరు బేరింగులు దెబ్బతింటాయి. అడుగు వేసినప్పుడు బెల్టు జారుతుంటే రెండు బోల్టులూ సమానంగా పావు చుట్టు బిగించాలి. యంత్రం ఆపి మధ్యలో బెల్టును చేత్తో పైకి లాగితే 5 నుంచి 7 సెంటీమీటర్లు లేవడం సరైన బిగువు.

ఏడాదికోసారి మోటారు మూత విప్పించి, లోపల పేరుకున్న దుమ్మును మెత్తని బ్రష్షుతో తుడిపించాలి. ప్లగ్ తీసిన పది నిమిషాలకు గానీ ఆ మూతను ముట్టుకోకూడదు, బోర్డులోని కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. మెకానిక్ వచ్చినప్పుడు క్లాంప్ మీటర్ పెట్టి, మీరు నడుస్తుండగా యంత్రం ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోందో కొలిపించి, ఆ అంకెను, మీ బరువును, ఆనాటి వేగాన్ని మాన్యువల్ అట్ట లోపల రాసి పెట్టుకోండి. మరుసటి ఏడాది అదే మనిషి అదే వేగంతో నడిచినప్పుడు ఆ అంకె గణనీయంగా పెరిగి, నూనె వేసినా దిగకపోతే, బెల్టు అరిగిందని అర్థం. బోర్డు కాలకముందే బెల్టు మార్పించండి.